జ్వరం పిల్లాడిది, హడావిడి మనది

తెనాలిలో సాయంత్రం ఏడింటికి మందుల షాపు ముందు నిలబడితే ఊళ్లో ఏ జబ్బు నడుస్తోందో ఎవర్నీ అడగక్కర్లేదు. మొన్న నా ముందున్న పెద్దావిడ, "అబ్బాయ్, మనవడికి ఒళ్లు కాలిపోతోంది. జ్వరం మందివ్వు, దగ్గుకూ ఒకటివ్వు" అంది. షాపతను సీసా చేతిలోకి తీసుకుని, "ఎన్ని కేజీలుంటాడు పిన్నిగారూ?" అన్నాడు.

"ఏమో నాయనా, ఎత్తుకుంటే బరువుగానే ఉంటాడు."

వెనక నిలబడ్డవాళ్లందరం నవ్వాం. ఆవిడా నవ్వింది. షాపతను మాత్రం నవ్వలేదు. సీసా మళ్లీ అరలో పెట్టి, "పోనీ, వయసన్నా చెప్పండి" అన్నాడు.

పిల్లల ఫ్లూ గురించి పిల్లల డాక్టర్లు చెప్పేదీ, ప్రభుత్వం ఇచ్చిన సలహాలూ, మన ఇళ్లల్లో తరతరాలుగా నడుస్తున్నవీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: మనం డబ్బూ కంగారూ ఖర్చుపెట్టే చోట ఫలితం తక్కువ. ఫలితమున్న చోట, అంటే బిడ్డ బరువు, ఊపిరి లెక్క, ఒంటేలు, ఏడాదికో సూది, వీటి జోలికి మనం పోం.

ముందు జబ్బు సంగతి. జలుబుకీ ఫ్లూకీ మన వాడుకలో పెద్ద తేడా లేదు. రొంప, పడిశం, వైరల్ ఫీవర్, విషజ్వరం, ఏ నోటికి ఏది వస్తే అది. తేడా మాత్రం ఉంది. జలుబు మెల్లగా ఎక్కుతుంది. ముందు తుమ్ములు, తర్వాత ముక్కు కారడం, రెండో రోజుకి కాస్త ఒళ్లు వెచ్చబడటం. ఫ్లూ అలా మర్యాదగా రాదు. పొద్దున గెంతుకుంటూ బడికెళ్లినవాడు సాయంత్రం బ్యాగు గుమ్మంలో పడేసి మంచమెక్కుతాడు. 102, 103 డిగ్రీల జ్వరం, చలి, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు. చిన్నపిల్లల్లో వాంతులు, విరేచనాలు కూడా ఉంటాయి. దాంతో ఇంట్లోవాళ్లు "నిన్న తిన్న నూడుల్స్ పడలేదు" అని తీర్పు చెప్పేస్తారు. ఇన్‌ఫ్లుయెంజా ఎ, బి రకాల వైరస్‌లు దీనికి కారణం. ఒంట్లో చేరిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో బయటపడతాయి. లక్షణాలు కనబడటానికి ఒక రోజు ముందు నుంచే పక్కవాళ్లకి అంటుకుంటాయి. అందుకే ఎవరి నుంచి వచ్చిందో వెతకడం అనవసరం.

మన దేశంలో ఫ్లూకి రెండు సీజన్లు: జనవరి నుంచి మార్చి దాకా ఒకటి, వానల కాలంలోనూ ఆ తర్వాతా ఇంకొకటి. మొదటిది సంక్రాంతి ప్రయాణాలతో కలుస్తుంది, రెండోది బళ్లు తెరిచి పిల్లలు ఒకరి పక్కన ఒకరు సర్దుకున్నాక మొదలవుతుంది. దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు 2009 మే నెలలో బయటపడింది హైదరాబాద్‌లోనే. అప్పట్లో ఆ పేరు చెబితేనే జనం ముక్కు మూసుకునేవాళ్లు. ఆ హెచ్1ఎన్1 ఇప్పుడు ఏటా వచ్చి పోయే మామూలు ఫ్లూలలో ఒకటైపోయింది. 2023 మొదట్లో దేశమంతా దగ్గించిన హెచ్3ఎన్2 కూడా ఈ కుటుంబానిదే.

అయితే మన డెల్టాలో ప్రతి జ్వరమూ ఫ్లూ కాదు, ఇది గట్టిగా చెప్పాలి. కాలవలు, బోదెలు, మురుగు కోడులు, కొబ్బరి చిప్పల్లో నిలిచిన వాన నీళ్లు. ఈ నేల మీద డెంగీ ఎప్పుడూ ఫ్లూ పక్కనే కూర్చుంటుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద కొల్లూరు, భట్టిప్రోలు వైపు లంకల్ని ముంచింది. అలాంటి వరద తీసిన తర్వాత వచ్చే జ్వరాన్ని "పడిశమేలే" అని తీసిపారేయకూడదు. ముక్కు కారకుండా, దగ్గు లేకుండా మూడు రోజులు నిలబడ్డ జ్వరమైతే రక్తపరీక్ష చేయించాల్సిందే. ఒంటి మీద ఎక్కడైనా, ముఖ్యంగా చంకల్లో, గజ్జల్లో, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. దానికి వేరే మందుంది. త్వరగా వేస్తే త్వరగా తగ్గుతుంది. కోతల కాలంలో యంత్రాలు లేపే దుమ్ముకి వచ్చే దగ్గు మరొకటి. దానికి జ్వరం ఉండదు.

ఇక ఇంటి వైద్యం. రేపల్లెలో ఉంటున్న మా చెల్లెలి కూతురికి నాలుగేళ్ల కొడుకు. వాడికి ఫ్లూ వచ్చిన వారం నేను అక్కడే ఉన్నాను. ఆ పిల్ల చేసిన మొదటి పని నాకు నచ్చింది. గోడకున్న తెలుగు క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో తిథి, వర్జ్యం పక్కన ఖాళీ చూసుకుని పెన్సిల్‌తో "14 కేజీలు. 103. రా. 8.10కి 4 మి.లీ." అని రాసింది. అంగన్‌వాడీలో నెలనెలా తూచే బరువు ఆమెకి గుర్తుంది.

జ్వరానికి పిల్లలకు ఇచ్చే మందుల్లో పారాసెటమాల్‌దే మొదటి స్థానం. దాని మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కేజీకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, డోసుకీ డోసుకీ మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు, రోజు మొత్తంలో నాలుగు సార్లకు మించకుండా. ఇంతవరకు సులువే. చిక్కంతా సీసాల్లో ఉంది. ఒకే మందు మూడు బలాల్లో దొరుకుతుంది. 5 మిల్లీలీటర్లలో 120 లేదా 125 మిల్లీగ్రాములున్న సిరప్ ఒకటి, అదే 5లో 250 ఉన్నది ఇంకొకటి, ఒక్క మిల్లీలీటర్‌లోనే 100 ఉన్న చుక్కల మందు మరొకటి. మా వాడికి 250 సిరప్ అయితే 4 మిల్లీలీటర్లు చాలు, 120 అయితే సుమారు ఎనిమిది కావాలి. పది కేజీల బిడ్డకు చుక్కల మందు ఒకటిన్నర మిల్లీలీటర్లు సరిపోతుంది. దాన్నే సిరప్ అనుకుని చెంచాడు పోస్తే ఒక్కసారిగా 500 మిల్లీగ్రాములు, అంటే వేయాల్సినదానికి మూడింతలు లోపలికి పోతుంది. అలా రెండు రోజులు పోస్తే లివర్ దెబ్బతినొచ్చు. పైగా వంటింటి చెంచాతో కొలిచే అమ్మలు తక్కువేమీ కాదు. మా ఇంట్లోనే మూడు చెంచాలు మూడు కొలతలు. సీసాతో వచ్చే మూతో, సూది లేని సిరంజో వాడాలి.

జ్వరాన్ని 98.6కి దించి తీరాలనే పట్టుదల కూడా వదిలేయాలి. మందు ఇచ్చేది బిడ్డకు హాయి కోసం, థర్మామీటర్‌ని మెప్పించడానికి కాదు. 101 ఉన్నా ఆడుకుంటున్న పిల్లవాణ్ణి పట్టుకుని మందు పోయక్కర్లేదు, నిద్రపోతున్నవాణ్ణి మందు కోసం లేపక్కర్లేదు. చన్నీళ్ల గుడ్డలు, ఐసు ముక్కలు అసలు వద్దు. వణుకు పుట్టి లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. గోరువెచ్చని తడిగుడ్డ బిడ్డకు ఇష్టమైతే వేయండి, లేకపోతే మానేయండి.

పారాసెటమాల్‌కి తగ్గలేదని మెఫెనమిక్ యాసిడ్‌కి దూకడం మన వైపు మామూలైపోయింది. డెంగీ అనుమానం ఉన్నప్పుడు అదీ, ఐబుప్రోఫెనూ రక్తస్రావం ప్రమాదం పెంచుతాయి. మెఫెనమిక్ యాసిడ్‌తో అరుదుగా వచ్చే తీవ్రమైన రియాక్షన్ గురించి ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో హెచ్చరిక కూడా ఇచ్చింది. నిమెసులైడ్‌ని పన్నెండేళ్ల లోపు పిల్లలకు 2011లోనే మన దేశంలో నిషేధించారు. ఇంట్లో పాత సీసా ఉంటే పారబోయండి. ఆస్పిరిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫ్లూ ఉన్న పిల్లలకు అది పడితే మెదడుకీ, లివర్‌కీ చేటు చేసే రేయీస్ సిండ్రోమ్ రావచ్చు.

దగ్గు మందు దగ్గర కాస్త ఆగాలి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కోల్డ్రిఫ్ అనే దగ్గు సిరప్ తాగి ఇరవై మందికి పైగా చిన్నపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. తమిళనాడు అధికారులు పరీక్ష చేయిస్తే అందులో డైఇథైలీన్ గ్లైకాల్ 48.6 శాతం తేలింది. పరిశ్రమల్లో వాడే విషం అది. అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రాష్ట్రాలన్నిటికీ సలహా పంపింది: రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దు, ఐదేళ్ల లోపు వాళ్లకు మామూలుగా అవసరం లేదు. అంతకు ముందే, 2023 డిసెంబరులో, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్ల లోపు వాళ్లకు వద్దని లేబుల్ మీద వేయమన్నారు. కల్తీ అంటే ఎవరో చేసిన నేరం. అది లేకపోయినా ఈ సిరప్‌ల వల్ల చిన్నపిల్లల దగ్గు తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదన్న సంగతి అంతకంటే పాతది. అయినా షాపులో "దగ్గుకూ ఒకటి" అనే మాట మన నోట ఆగదు. ఎందుకంటే దగ్గు వినబడుతుంది. వినబడేదాన్ని ఆపాలనిపిస్తుంది.

ఏడాది దాటిన బిడ్డకు రాత్రి పడుకోబోయే ముందు అర చెంచా నుంచి చెంచా తేనె ఇవ్వడం చాలా సిరప్‌లకన్నా మేలని పరిశోధనలు చెబుతున్నాయి. ఏడాది లోపు బిడ్డకు మాత్రం తేనె ఒక్క చుక్కయినా పెట్టకూడదు. అందులో ఉండే ఒక సూక్ష్మక్రిమి పసిపేగుల్లో విషం తయారుచేస్తుంది. పేరు పెట్టే రోజున నాలుక మీద తేనె రాయడం ఇంకా చూస్తూనే ఉన్నాను.

ఇక మా చెల్లెలి కూతురి అత్తగారు. మంచి మనిషి, మనవడంటే ప్రాణం. రెండో రోజు రాత్రి కొబ్బరి నూనెలో కర్పూరం వేసి కాచి గిన్నెతో వచ్చింది. "ఛాతీకి రాయవే, తెల్లారేసరికి కఫం కరిగిపోద్ది" అంది. "కర్పూరం వద్దత్తయ్యా, ఉత్త నూనె రాస్తాలే" అంది కోడలు. "మీ ఆయన్ని ఇట్టాగే పెంచా" అని ఆవిడ. ఆ మాటకు ఏ కోడలి దగ్గరా జవాబుండదు. కానీ కర్పూరం పసిపిల్లల నరాలకు విషం. కొంచెం మింగినా నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. ఒంటికి ఎక్కువగా రాసినా చర్మం గుండా లోపలికి పోతుంది. బామ్‌లలోనూ ఇదే కర్పూరం, మెంథాల్ ఉంటాయి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో మొదలుపెట్టిన అమృతాంజనం లేని తెలుగిల్లు లేదేమో, పెద్దవాళ్ల నొసళ్ల మీద ఆ వాసన నాకూ ఇష్టమే. రెండేళ్ల లోపు పిల్లలకు మాత్రం ఏ బామూ రాయకూడదు, ఏ వయసులోనూ ముక్కు రంధ్రాల దగ్గరికి తేకూడదు.

ఆవిరి కూడా అలాంటిదే. ముక్కు దిబ్బడ వేస్తే దుప్పటి కప్పి మరిగే నీళ్ల గిన్నె ముందు కూర్చోబెడతాం. పిల్లాడు ఒక్క తన్ను తంతే ఆ నీళ్లు తొడల మీద. వచ్చే లాభం నిమిషం హాయి, కాలితే జీవితాంతం మచ్చ. దానికి బదులు మందుల షాపులో దొరికే ఉప్పునీటి ముక్కు చుక్కలు పాలు పట్టే ముందు, పడుకోబెట్టే ముందు రెండేసి వేస్తే చాలు. ముక్కులో ఆముదమో, కొబ్బరి నూనో పోయడం ఇంకా ప్రమాదం. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే మందుకు లొంగని ఒక రకం న్యుమోనియా వస్తుంది. వాముతో, సాంబ్రాణితో పొగ వేయడం దగ్గే బిడ్డకు ఇంకా దగ్గు తెప్పించడమే. ఇక తులసి, సొంటి, మిరియాల కషాయం తాటిబెల్లంతో గోరువెచ్చగా ఐదారేళ్ల పిల్లలు ఇష్టంగా తాగితే తాగనివ్వండి. వెచ్చటి ద్రవం గొంతుకు హాయి. వైరస్‌ని అది చంపదు, ఎవర్నీ బాధపెట్టదు కూడా. దిష్టి తీయడం మీద నాకు అభ్యంతరమేమీ లేదు, మిరపకాయల పొగ పిల్లాడి ముక్కుకి తగలనంత వరకు.

"లంఖణం పరమౌషధం" అన్నారని పిల్లల్ని పస్తు పెట్టడం కొంత తగ్గింది. దాని స్థానంలో పాలూ బ్రెడ్డూ వచ్చి కూర్చున్నాయి. జ్వరానికి బ్రెడ్డే ఎందుకో నాకు ఇంతవరకు అర్థం కాలేదు. ఇడ్లీ, మెత్తటి పప్పన్నం, చారన్నం, జావ, మజ్జిగ, కొబ్బరి నీళ్లు, బిడ్డ ఏది అడిగితే అది. పెరుగు తింటే కఫం పెరుగుతుందన్న భయమూ అక్కర్లేదు. రెండు రోజులు అన్నం తినకపోయినా కొంప మునగదు, తాగకపోతే మునుగుతుంది. చెంచా చెంచాగా, గంటకోసారి. తల్లిపాలు తాగే బిడ్డకు ఇంకా ఎక్కువసార్లు పాలివ్వాలి. వాంతులు, విరేచనాలు ఉంటే ఓఆర్ఎస్, పెద్ద ప్యాకెట్‌కి సరిగ్గా లీటరు నీళ్లు. ఇక్కడ ఒక తెలుగు డాక్టరమ్మను తలుచుకోవాలి. రంగురంగుల పెట్టెల్లో తీపి పళ్లరసాన్ని ఓఆర్ఎస్ పేరుతో అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. అసలు ఓఆర్ఎస్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉంటుంది. చదివి కొనండి.

ఇంట్లో చేయగల పనుల్లో అన్నిటికన్నా విలువైనది, పైసా ఖర్చు లేనిది, ఎవరూ చేయనిది ఊపిరి లెక్కపెట్టడం. బిడ్డ నిద్రపోతున్నప్పుడో, ఏడవకుండా ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిండు నిమిషం చూడాలి. అర నిమిషం చూసి రెండింతలు చేస్తే లెక్క తప్పుతుంది. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40, ఆ అంకె తాకినా దాటినా ఆసుపత్రికి బయల్దేరాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకు నేర్పే లెక్క ఇదే. మా పిల్ల ఫోన్ వెలుతురులో లెక్కపెట్టింది. మొదటి రాత్రి 36, రెండో రాత్రి 34. క్యాలెండర్ గడిలో అవీ ఎక్కాయి.

డొక్కలు లోపలికి పీక్కుపోతున్నా, ముక్కుపుటాలు ఎగురుతున్నా, మూలుగుతున్నా, పెదవులు నీలంగా మారినా లెక్కలు అక్కర్లేదు, 108కి ఫోన్ చేయడమే. ఎనిమిది గంటలుగా ఒంటేలు పోయకపోయినా, ఏదీ తాగకపోయినా, లేపినా లేవకపోయినా అంతే. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 చూపిస్తే ఇంటి వైద్యం ఒక్క పూట కూడా వద్దు. జ్వరం పూర్తిగా తగ్గి రెండు రోజులాగి మళ్లీ వస్తే న్యుమోనియా కావచ్చు. బాపట్ల సముద్రం వైపు పల్లెల వాళ్లకీ, రేపల్లె లంకల వాళ్లకీ నేను చెప్పేది ఇంకొకటి: చీకటి పడ్డాక దారి దొరకడం కష్టం కాబట్టి అనుమానం మధ్యాహ్నం వస్తే మధ్యాహ్నమే కదలండి. మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఆ తర్వాత బాపట్ల ఏరియా ఆసుపత్రో, తెనాలి జిల్లా ఆసుపత్రో, అదీ దాటితే గుంటూరు.

జ్వరంతో ఫిట్స్ వస్తే? ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి వస్తాయి. చూడటానికి భయంకరం, చాలావరకు ప్రమాదం లేనివి. చేతిలో తాళాల గుత్తి పెట్టకండి, నోట్లో చెంచా దూర్చకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108. ఆగిపోయినా మొదటిసారి అయితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

యాంటీబయాటిక్స్ సంగతి త్వరగా ముగిస్తాను. ఫ్లూ వైరస్ జబ్బు, దానికవి పనిచేయవు. 2023 మార్చిలో దేశమంతా దగ్గుతున్నప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషనే ఈ మాట బహిరంగంగా చెప్పింది. జ్వరం మూడు రోజుల్లో పోతుంది, దగ్గు మూడు వారాలుండొచ్చు, అజిత్రోమైసిన్ మింగొద్దు అని. అయినా మన వైపు సూది వేయని ఆర్ఎంపీని "చేతివాసి లేదు" అంటాం. ఆయన సూది వేసేది సగం మన మాట తీసేయలేకే. ఫ్లూకి పనిచేసే మందు ఒసెల్టమివిర్. రెండేళ్ల లోపు పిల్లలు, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఆసుపత్రిలో చేరాల్సినంత తీవ్రంగా ఉన్నవాళ్లు, వీళ్లకు డాక్టరు రాస్తారు. మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది కాబట్టి అలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో "రెండ్రోజులు చూద్దాం" అనకూడదు.

రాకుండా చూసుకోవడంలో అన్నిటికన్నా ముందుది టీకా. ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఐదేళ్ల దాకా పిల్లలందరికీ ఏటా ఫ్లూ టీకా వేయించమని భారత పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ చెబుతోంది. మొదటిసారి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఆ తర్వాత ఏడాదికొకటి. వైరస్ ఏటా వేషం మారుస్తుంది, అందుకే ఏటా కొత్త టీకా. వానలకు ముందు వేయిస్తే మంచిది, రెండు వారాలకు రక్షణ వస్తుంది. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల పట్టికలో ఇది లేదు. అంగన్‌వాడీలో అడిగితే దొరకదు, సొంత డబ్బు పెట్టాలి. కూలి పనికెళ్లే ఇంటికి అది భారమే. ఈ లోటు పూడ్చాల్సింది ప్రభుత్వమే తప్ప తల్లిదండ్రుల నిర్లక్ష్యం అని రాసేస్తే సరిపోదు. టీకా వేసినా ఫ్లూ రావచ్చు. సరిగ్గా కుదిరిన ఏడాదిలో జబ్బుని నూటికి 40 నుంచి 60 పాళ్లు ఆపుతుంది, వచ్చినా ముదరనివ్వదు. గర్భిణి వేయించుకుంటే పుట్టబోయే బిడ్డకు మొదటి ఆరు నెలలు ఆ కాపు ఉంటుంది.

మిగతావి అందరికీ తెలిసినవే: సబ్బుతో చేతులు, మోచేతిలోకి దగ్గడం, మందు వేయకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే బడికి. తెలియనట్టు ఉండేది కిటికీ. గదిలోకి గాలి ఆడితే వైరస్ పలచబడుతుంది, అన్ని సలహాల్లోనూ ఈ వాక్యం ఉంటుంది. డెల్టాలో సాయంత్రం ఆరింటికి కిటికీ తెరిచి పెట్టమనండి చూద్దాం, దోమలు మనిషిని ఎత్తుకుపోతాయి. అందుకని తలుపులన్నీ బిగించి కాయిల్ వెలిగిస్తాం. దగ్గే పిల్లాడు, మూసిన గది, కాయిల్ పొగ, మంచం మీద మరో ఇద్దరు. కిటికీలకు మెష్ కొట్టించడమూ, బిడ్డకు దోమతెర కట్టడమూ ఇక్కడ ఫ్లూకీ డెంగీకీ కలిసొచ్చే ఖర్చు.

పక్షుల ఫ్లూ గురించి కూడా అడుగుతున్నారు. 2025 మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో హెచ్5ఎన్1తో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంట్లోవాళ్లు చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. బాగా ఉడికిన కోడి, గుడ్డు తింటే భయం లేదు. కోడిని కోసే చోట, పచ్చి మాంసం కడిగే చోట పిల్లలు లేకుండా చూసుకోవాలి. చనిపోయిన కోళ్లను పిల్లలు ముట్టుకోకూడదు.

నాలుగో రోజు మా వాడికి జ్వరం దిగింది. అందరం ఊపిరి పీల్చుకునేలోపు వాడు మంచం దిగనన్నాడు. పిక్కలు నొప్పి, కాలు కింద పెడితే ఏడుపు. అత్తగారికి చేతులు వణికాయి. పొద్దున రైలుకి తెనాలి తీసుకెళ్లాం. డాక్టరు కాళ్లు కదిపి చూసి, ఒంటేలు రంగు అడిగి, ఒక రక్తపరీక్ష చేయించి, "ఫ్లూ తగ్గేటప్పుడు కొందరు పిల్లలకి పిక్కలు ఇలా పట్టేస్తాయి, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఒంటేలు నల్లటి టీ రంగులో వస్తే మాత్రం వెంటనే రండి" అన్నారు. మందేమీ రాయలేదు. తిరుగు రైల్లో ఆవిడ, "ఇంత దూరం వచ్చి చీటీ కూడా లేదు" అని గొణిగింది.

మొన్న మళ్లీ రేపల్లె వెళ్లినప్పుడు ఆ నెల కాగితం ఇంకా గోడ మీదే ఉంది. ఐదు గడుల్లో పెన్సిల్ రాతలు. అంకెలు రోజురోజుకీ తగ్గుతూ వచ్చాయి. చివరి గడిలో చేతిరాత మారింది, అది అత్తగారిది: "రెండిడ్లీ తిన్నాడు. నడిచాడు."